అత్తమ్మ చెప్పులు, దుకాణం గడప

మా అత్తమ్మ జారిపడింది అరిగిపోయిన చెప్పుల వల్ల. నింద మాత్రం వాన మీద పడింది. వాన ఎదురు చెప్పదు గనుక మా ఇంట్లో దాని మీద ఎవరైనా నేరం మోపవచ్చు.

సంగారెడ్డి పాత బజారులో మాది పప్పుల దుకాణం. కందులు, పెసలు, శనగలు, మినుములు. మామగారు పోయాక కొనుగోళ్లు మా ఆయన చేతికి వచ్చాయి. గల్లా పెట్టె మాత్రం అత్తమ్మ చేయి దాటలేదు. డెబ్బై దాటిన మనిషి పొద్దున్నే స్నానం చేసి, తెల్ల దుప్పటి పరిచిన గద్దె మీద కూర్చుంటే, మధ్యాహ్నం అన్నం వేళ దాకా ఆ బజారులో ఎవరింట్లో పప్పూ ఆమెకు తెలియకుండా ఉడకదు. ఆ వేళకు నేను ఇస్నాపూర్ దగ్గర ఒక మందుల కంపెనీలో, నాణ్యత చూసే విభాగంలో, మాత్రల తప్పులు పడుతూ ఉంటాను. మనుషుల తప్పులు పట్టే నాకు తగిన ఉద్యోగమే దొరికిందని మా ఆయన చుట్టాల ముందు అంటాడు. ఆయన తప్పులు పట్టడానికి మాత్రం జీతం రావడం లేదని నేను అంటాను.

ఆ రోజు చిన్న జల్లు పడింది. ఆటో ట్రాలీలో వచ్చిన కందుల బస్తాలు తడిశాయేమో చూద్దామని అత్తమ్మ బయటికి వచ్చి, తిరిగి ఎక్కుతూ మెట్టు మీద జారింది. ఎముకలు విరగలేదు. మోకాలు వాచింది, మోచేయి గీరుకుపోయింది. సాయంత్రం కంపెనీ బస్సు దిగి నేను వెళ్లేసరికి అందరూ ఆమె మోకాలు చూస్తున్నారు. నేను చెప్పులు తిరగేసి చూశాను. రబ్బరు స్లిప్పర్లు. అడుగున గీత అన్నది లేకుండా పళ్లెంలా నున్నగా ఉన్నాయి. ఒక పట్టీ పిన్నీసు మీద నిలబడి ఉంది.

మా ఆయన తీర్పు చెప్పేశాడు.

"ఇగ చాలమ్మా. రేపటి సంది దుకాణంకు రావద్దు. ఇంట్ల టీవీ పెట్టుకోని కూసో."

ఒక మాటకు పది మాటలు తిరిగిచ్చే మనిషి గోడ వైపు తిరిగి పడుకుంది. అది చూసి నాకు భయం వేసింది. జాలి కూడా వేసింది, కాదనను. కాని భయమే ఎక్కువ. ఎందుకంటే దుకాణానికి పోని అత్తమ్మ ఇంట్లో ఉంటుంది. ఇంట్లో ఉంటే వంటింట్లో ఉంటుంది. ఆ వారంలోనే నా పోపుల డబ్బాలో ఆవాలు జీలకర్ర చోటికి, జీలకర్ర మెంతుల చోటికి వలస పోయాయి. నేను పొయ్యి ముందు నిలబడితే వెనుక కుర్చీ వేసుకుని, "చింతపండు గంత నానబెడ్తరా?" అని గాలిని అడిగేది. నేను పప్పు కడిగితే, "ఆ పప్పుకు ఇంక రెండు నీళ్లు పడ్తయి" అని గోడకు చెప్పేది. ఆమెకు దుకాణం ఎంత అవసరమో, ఆమె దుకాణంలో ఉండడం నాకు అంతకంటె అవసరమని తేలిపోయింది.

వారం తిరిగేసరికి మా ఆయనను పట్టుకున్నాను.

"పడ్డది మనిషి తప్పా, చెప్పుల తప్పా?"

"రెండూ గాదు. వయసు తప్పు."

"చెప్పులు అరిగినయి, మీకు కనబడలే. వయసు ఒక్కటే కనబడ్డదా? జారని చెప్పులు నేను తెస్త. అవి వేసుకోని దుకాణంకు పోతది."

"నీతోని వాదిస్తె నాకు అన్నం సల్లారిపోతది. దసరా దాంక సూస్త. మల్ల ఒక్కసారి తూలినా ఇంట్లనే."

మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉన్న అత్తమ్మ అటే చూస్తూ అంది. "తోలుది తెస్తె నేను తొడగ."

ఆమె తోలు ముట్టదని నాకు పెళ్లైన కొత్తలోనే తెలుసు. బెల్టులు, సంచులు, పర్సులు ఏవీ ఆమె ఉన్న గదిలోకి రావు. నోటికి వద్దన్నది కాలికెందుకు అని ఆమె లెక్క. ఇప్పుడు హైదరాబాదులో ఇదే పని చేసేవాళ్లకు వీగన్ అని పేరుంది, ఫోటోలు దిగుతారు. మా అత్తమ్మ ఫోటో కూడా దిగకుండా ఇన్నేళ్లు రబ్బరు స్లిప్పర్లతో గడిపేసింది. ఆ స్లిప్పర్లే ఇప్పుడు ఆమెను మంచం ఎక్కించాయి.

ఆదివారం పటాన్‌చెరు పోయాం. హైవే పక్కన అద్దాల షోరూం. అత్తమ్మ తన పిన్నీసు చెప్పులను మెట్ల దగ్గరే విప్పి, చెప్పుల దుకాణంలోకి ఉత్త కాళ్లతో నడిచింది. నేను నవ్వుకున్నాను. ఆ నవ్వేదేదో ఆపి కొంచెం ఆలోచించి ఉంటే తరువాతి కథంతా తప్పేది.

నడివయసు సేల్స్‌మన్ వచ్చాడు. హిందీలో తెలుగు కలుపుకుని మాట్లాడుతున్నాడు.

"దేఖియే మాతాజీ, ప్యూర్ లెదర్. ఒరిజినల్ మాల్."

"తోలు వద్దు నాయనా."

"అచ్ఛా, అయితే డూప్లికేట్ చూపిస్తా."

"డూప్లికేటే కావాలె," అంది అత్తమ్మ. "గాని డూప్లికేట్ల ఒరిజినల్ తియ్యి."

అతను నా వైపు చూశాడు. నేను సీలింగు వైపు చూశాను.

ఒక్కో పెట్టె విప్పడం, అత్తమ్మ ముక్కు దగ్గర పెట్టుకోవడం. చెప్పుల దుకాణంలో దోసకాయ వాసన చూసినట్టు చెప్పు వాసన చూసే మనిషిని వాళ్లు మొదటిసారి చూస్తున్నట్టుంది. ఒక జత పైనంతా రెక్సినే. ఆమె లోపల వేలు పెట్టి తడిమి పక్కన పెట్టేసింది. "బయటంత రెక్సిను, లోపట తోలు. కాలు ఆనేది లోపటనే గదా!" నేను చెప్పు మీద అతికించిన చిన్న బొమ్మలు చూశాను. పరిచిన తోలు ఆకారంలో ఒక బొమ్మ ఉంటే ఆ భాగం తోలని అర్థం. లోపలి భాగానికి ఆ బొమ్మే ఉంది. ఆమె వేలు చెప్పింది నిజమే.

తరువాత నా వంతు. రెక్సిన్ పట్టీని గట్టిగా మడిచి చూశాను. మడత దగ్గర తెల్లగా పగిలితే ఎండాకాలానికి పొట్టు పొట్టుగా రాలుతుంది. చెప్పును తడి బట్టలా మెలిపెట్టాను. మెలికకు మెత్తగా లొంగిపోతే నడకకు నిలవదు. మడమ దగ్గర బొటనవేలితో నొక్కాను. అడుగు భాగాన్ని జిగురు మాత్రమే పట్టుకుని ఉందా, కుట్టు కూడా ఉందా అని చుట్టూ తిప్పి చూశాను. సేల్స్‌మన్ "మేడం, మీరు కొంటున్నరా, పోస్టుమార్టం చేస్తున్నరా?" అన్నాడు. అతనికి భవిష్యత్తు ఉంది.

అసలు పరీక్ష అప్పటికి కాలేదు. నా సంచిలోని నీళ్ల సీసా తీసి, మెరుస్తున్న టైల్స్ మీద కొంచెం పోశాను. మేనేజరు పరుగెత్తుకొచ్చాడు.

"ఏందమ్మా ఇది! షోరూం ఇది!"

"మా దుకాణం మెట్లు గూడ గిట్లనే నునుపు. వాన మిమ్ముల అడిగి వస్తదా? అత్తమ్మా, నా చెయ్యి పట్టుకోని జెర నడువు."

నేను పట్టుకున్నాను, మేనేజరు రెండో చెయ్యి పట్టుకున్నాడు. ఇష్టం ఉండి కాదు, ఆమె పడితే తన షోరూంలో పడుతుందని. రెండు జతలు ఆ తడిలో ఓడిపోయాయి. మూడోది నిలబడింది. ముదురు నీలం సాండల్స్. పైన గట్టి నేత పట్టీలు, కింద లోతైన గీతల రబ్బరు అడుగు, చుట్టూ కుట్టు, వేళ్లకు చోటు, మడమ వెనుక పట్టీ. వేళ్ల మీద ఒక బకిల్, మడమకు ఒక బకిల్. అదే రకంలో బకిళ్ల బదులు అతుక్కునే పట్టీలవి కూడా ఉన్నాయి. దుమ్ము పట్టి కొన్నాళ్లకు అతుక్కోవడం మానేస్తాయని నేనే వద్దన్నాను.

అంతా అయింది, లేద్దాం అనుకుంటే అత్తమ్మ అడిగింది.

"గీ గమ్ము దేంతోని చేస్తరు?"

"గమ్ తో గమ్ హై మాతాజీ."

"ఎనకట ఎముకలు ఉడకబెట్టి చేసేటోళ్లు."

"ఇప్పుడు ఎక్కువగా రసాయనాలతోని చేస్తరు అత్తమ్మా," అన్నాను.

"ఎక్కువగా అంటె?"

మా కంపెనీకి సరుకు పంపినవాళ్ల జవాబులో నేను ఏ మాటను పట్టుకుంటానో సరిగ్గా ఆ మాటనే పట్టుకుంది. ఇక మేనేజరుకు దారి లేదు. సరుకు పంపే ఏజెంటుకు ఫోను చేసి స్పీకరు పెట్టాడు. అవతలి గొంతు ఎవరినో అడిగి కనుక్కుని వచ్చి, "జంతువులది ఏం లేదు సార్, మొత్తం సింథటిక్. ఇన్నేండ్లల్ల ఎవ్వరు అడగలే" అంది. "ఇగ నుంచి అడుగుతరు," అంది అత్తమ్మ, సాండల్స్ చంకలో పెట్టుకుని.

మరునాడు ఆమె దుకాణానికి పోయింది. నేను గెలిచాననుకుంటూ కంపెనీకి పోయాను. పోపుల డబ్బా నాకు తిరిగి వచ్చేసింది, ఆ రాత్రి పప్పు ఎంత బాగా కుదిరిందో.

శనివారం నాకు సెలవు. చూద్దామని దుకాణానికి వెళ్లాను. చూశాను.

మా దుకాణం గడప దాటి చెప్పులు లోపలికి రావు. మామగారి తండ్రి నాటి నుంచి అంతే. లోపల గద్దె ఉంది, గద్దె వెనుక లక్ష్మీదేవి పటం ఉంది. గల్లా అంటే దేవుడి గదితో సమానం. కొనేవాళ్లు గడప అవతలే నిలబడతారు. ఇంట్లోవాళ్లు చెప్పులు విప్పి లోపలికి వస్తారు. స్లిప్పర్లతో ఆ పని కాలు విదిలించినంత సుళువు. నా బకిళ్లతో? అత్తమ్మ స్తంభం పట్టుకుని, వాచిన మోకాలు వంచి, ఒక బకిల్ విప్పి, ఊపిరి తీసుకుని, రెండోది విప్పి, కాలు మార్చి, మళ్లీ మొదటి నుంచి. గద్దె మీద కూర్చోగానే బయటి నుంచి ఎవరో "అమ్మా, పెసల లోడొచ్చింది" అంటారు. మళ్లీ లేవడం, వంగడం, రెండు బకిళ్లు, రెండు కాళ్లు. చూసి వచ్చి మళ్లీ విప్పడం.

నీళ్లు పోసి పరీక్షించాను, మెలిపెట్టాను, కుట్లు చూశాను. గడప సంగతి మరిచాను. నేను కొన్నది నడిచే చెప్పులు. ఆమె రోజంతా చేసే పని నడక కాదు, విప్పడం, తొడగడం.

అప్పుడే మేక వచ్చింది. బజారులో అందరి మేకే అది, ఎవరూ తమదని ఒప్పుకోరు. వచ్చి గడప బయట పెట్టిన శనగల బస్తాలో తల పెట్టింది. అత్తమ్మ "అయ్యో అయ్యో" అంటూ లేచి, ఒక కాలికి చెప్పు తగిలించి, బకిల్ పెట్టకుండా, రెండో కాలు ఉత్తదే, బయటికి దూకింది. వేలాడుతున్న పట్టీని రెండో కాలు తొక్కింది. మనిషి ముందుకు తూలి బస్తా మీద బోర్లా పడింది. శనగలు మెత్తగా పట్టుకున్నాయి. మేక పక్కకు జరిగి, తింటూనే చూసింది.

మా ఆయన కాటా దగ్గర నిలబడి అంతా చూశాడు. నోరు తెరవాల్సిన అవసరం లేనివాళ్ల ముఖం ఎట్లా ఉంటుందో అట్లా పెట్టాడు.

ఆ సాయంత్రం ఇంట్లో వాదన.

"తూలింది. మాటంటె మాట, ఇగ ఇంట్లనే," అన్నాడు ఆయన.

"తూలింది మీ గడప దగ్గర. చెప్పులు వేసుకోని లోపటికి రానియ్యుండ్రి. విప్పుడే ఉండది, తూలుడే ఉండది."

"దుకాణంల చెప్పులా? లక్ష్మి ఉండే జాగల?"

"ఎందుకు వద్దు? తోలు అని గదా వద్దన్నది. వీటిల తోలు లేదు. జిగురు గూడ ఫోను జేసి కనుక్కున్నం."

నా వాదన నాకే ముద్దొచ్చింది. గెలిచేదాన్నే. కాని నన్ను ఓడించింది మా ఆయన కాదు, ఎవరి తరఫున వాదిస్తున్నానో ఆ మనిషే.

"తోలు లేకపోతె ఏమాయె? బజారు లేదా దానికింద? పేడ, ఉమ్మి, మోరి నీళ్లు, అన్నిటి మీదికెల్లి నడిచిన చెప్పుతోని గద్దె కాడికి వస్తనా? నువ్వు సదువుకున్నవా, గిట్లనే ఉన్నవా?"

నాకు మండింది. ఎన్నాళ్లుగానో నోటి దాకా వచ్చి ఆగిన ప్రశ్న ఆ మంటలో బయటికి వచ్చేసింది.

"అత్తమ్మా, నిజం చెప్పు. నీకు తోలంటె జీవం మీద దయనా, లేకపోతె మడినా? తోలు పని చేసే మనుషులను దూరం పెట్టే మడి అయితె దానికోసం నేను పటాన్‌చెరు తిరగ."

మా ఆయన లేచి మంచినీళ్ల కోసం వెళ్లాడు. అత్తమ్మ మాత్రం కోప్పడలేదు. మోకాలికి నూనె రాసుకుంటూ చెప్పింది.

"మా తల్లిగారింట్ల బర్రె ఉండె. దాని దుడ్డె సచ్చిపోయింది. పాలియ్యదని దుడ్డె తోల్ల గడ్డి కూరి, కుట్టి, దాని ముందల పెట్టిండ్రు. బర్రె ఏం జేసిందెరికేనా? నాకింది. నాకుకుంట పాలిచ్చింది. నేను గిలాసతోని పాలకు నిలబడ్డ. నా కాళ్లకు కొత్త తోలు చెప్పులు. ఆ దినం విడిచిన, మల్ల తొడగలే."

అరచేతిలో ఇంకొంచెం నూనె పోసుకుంది.

"మడి గూడ ఉన్నది. లేదంటె అబద్ధమైతది. మా ఇండ్లల్ల గట్లనే పెంచిండ్రు. అది పోవాలె. బర్రె యాది పోదు."

నూనె సీసా ఆమె చేతిలో నుంచి అందుకున్నాను. మోకాలికి నేనే రాశాను. ఆమె సంతోషించి, "రేపు చారుల మిరియాలు జెర తక్కువ ఎయ్యి" అంది.

సోమవారం కంపెనీకి పోయాను. మాత్రలు తయారయ్యే గదుల్లోకి పోవాలంటే ముందు ఒక చిన్న గది ఉంటుంది. దాని మధ్యన, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, మోకాలెత్తు బల్ల. ఇవతలి వైపు బల్ల మీద కూర్చుని బయటి చెప్పులు విప్పాలి. కాళ్లు ఎత్తి అవతలికి తిప్పాలి. అవతల నేల మీదున్న లోపలి చెప్పుల్లో కాళ్లు దూర్చాలి. బయటి చెప్పు అవతలి నేలను తాకరాదు, లోపలి చెప్పు ఇవతలి నేలను తాకరాదు. కొత్తగా చేరినవాళ్లు తప్పు చేస్తే నేనే అరుస్తాను. ఏళ్ల తరబడి రోజూ చేస్తున్న పని. ఆ పొద్దున కాళ్లు తిప్పుతూ సగంలో ఆగిపోయాను. ఒక కాలు ఇవతల, ఒక కాలు అవతల. వెనుక ఉన్న ఒడిశా అమ్మాయి "మేడం, తబియత్ ఠీక్ హై?" అంటూ నా ఒంట్లో బాగుందో లేదో అడిగింది. నాకు నవ్వు ఆగలేదు. మా అత్తమ్మ గడపకు కంపెనీలో ఒక బల్ల వేసి, దానికి ఇంగ్లీషు పేరు పెట్టి, నా చేత కాపలా కాయిస్తున్నారు. అక్కడ నేను మా అత్తమ్మ కంటె పెద్ద మడి మనిషిని.

సాయంత్రం పటాన్‌చెరులోనే దిగి, ఫ్యాక్టరీలకు హెల్మెట్లు, గ్లౌజులు అమ్మే దుకాణానికి వెళ్లాను. పట్టీలు, బకిళ్లు లేకుండా కాలు దూర్చేవి, ముందు మూసినవి, కడిగితే శుభ్రమయ్యేవి, ఫోముతో అచ్చు పోసినవి అడిగాను.

"ఏ కంపెనీ మేడం?"

"కందిపప్పు కంపెనీ."

"ఎంతమంది స్టాఫ్‌కు?"

"ఒక్కరికే. మా చైర్మన్‌కు."

తెల్లవి లేవు, ఆకుపచ్చవి దొరికాయి. కుట్టు లేదు, జిగురు లేదు, అంతా ఒకే ముద్ద. అత్తమ్మ వాసన చూసింది. వేలితో నొక్కింది. "రొట్టె లెక్క ఉన్నది" అంది. అది మెప్పే.

బల్ల కోసం దుకాణంలో బస్తాల కింద వేసే పాత చెక్కలు తీయించి, వడ్రంగితో మోకాలెత్తు చేయించాను. గడపకు లోపల, మనిషి నిలబడే జాగా వదిలి, అడ్డంగా వేయించాను. ఒక మూలన బస్తాలు పోయే దారి ఉంచాను. బజారు చెప్పులకు ఇక ఆ బల్లే గడప. మా ఆయన నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"గడప కాడ ఎవరన్న కూసుంటరా? అరిష్టం."

"గడప మీద గాదు, గడప లోపట. కొలుస్తరా?"

"మరి గా ఆకుపచ్చ చెప్పులు లోపట ఎందుకు? చెప్పులే గదా అవి?"

నేను నోరు తెరిచేలోపల అత్తమ్మే అందుకుంది. "బజారు మొఖం సూడని దాన్ని చెప్పు అని ఎందుకంటరురా? మేజోళ్లసొంటిది అది. కింద శనగలు పడి ఉంటయి, ఉత్త కాళ్లతోని జారి పడాల్నా నేను? నువ్వు లేపుతవా?"

ఆయన నా వైపు చూశాడు. నేను బల్ల మీది దుమ్ము తుడిచాను. నా వాదన నాకంటె బాగా వినిపించే మనిషి దొరికాక నేనెందుకు మాట్లాడాలి?

తూలిన సంగతి దసరా దాకా వాయిదా పడింది. వారం రోజుల్లో ఆ బల్ల చైర్మన్ ఆఫీసు అయింది. గడప అవతల నిలబడే దళారులు కూడా "జెర కూసుంటమమ్మా" అంటూ చెప్పులు విప్పి దాని మీద చేరుతున్నారు. ఎవరైనా విప్పిన చెప్పు బల్ల దాటి ఒక బెత్తెడు లోపలికి పెడితే ఆమె గద్దె మీది నుంచే అరుస్తుంది. మా కంపెనీలో ఆడిటర్లు కూడా అంత పట్టుగా చూడరు. మా ఆయన తోలు చెప్పులైతే మెట్ల కిందే ఆగిపోతాయి, బల్ల దాకా కూడా రానివ్వదు. ఆయన గులాములా వంగి విప్పుకుని పైకి వస్తాడు.

దసరాకు ముందటి ఆదివారం మబ్బు పట్టింది. నేను కూరగాయలకు వచ్చి దుకాణం ముందు ఆగాను. మినుముల లోడు దిగుతోంది, అప్పుడే జల్లు మొదలైంది. అత్తమ్మ గద్దె దిగి, ఆకుపచ్చ చెప్పుల్లో బల్ల దాకా వచ్చింది. కూర్చుని అవి విడిచింది. కాళ్లు తిప్పింది. బల్ల మీద కూర్చునే ఒక్కో కాలు పైకి తీసుకుని, తీరిగ్గా నీలం సాండల్స్ బకిళ్లు పెట్టుకుంది. తడి మెట్లు దిగి, బస్తాలన్నీ చేత్తో తట్టి చూసి, ఒకటి తడిసిందని ట్రాలీవాడితో గొడవ పెట్టుకుని, తిరిగి మెట్లెక్కింది. మా ఆయన కాటా వదిలి, చెయ్యి చాచి, గడప దగ్గర నిలబడ్డాడు.

"చెయ్యి ఎందుకురా?" అంది అత్తమ్మ, ఆయనను దాటి వచ్చి బల్ల మీద కూర్చుంటూ. "అడ్డం జరుగు. కాటా కాడ ఎవరున్నరు?"

ఆయన కాటా దగ్గరికి పోయాడు.